కక్ష్యలో కొలిమికి సర్కారు సొమ్ము

1984 ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ డిస్కవరీ మొట్టమొదటిసారి కక్ష్యలోకి వెళ్లింది. లోపల ఆరుగురున్నారు. ఐదుగురు నాసా వ్యోమగాములు. ఆరో ఆయన చార్లెస్ వాకర్. ఆయన పైలట్ కాదు, నాసా ఉద్యోగి కూడా కాదు. మెక్‌డానెల్ డగ్లస్ అనే విమానాల కంపెనీలో ఇంజనీరు. ఒక కంపెనీ తన సరుకు తయారీ కోసం తన మనిషిని అంతరిక్షానికి పంపడం అదే మొదలు.

వాకర్‌తో పాటు ఒక యంత్రం కూడా వెళ్లింది. రకరకాల ప్రొటీన్లు కలిసిపోయి ఉన్న మిశ్రమాన్ని పారుతున్న ద్రవంలోకి వదిలి, దానికి అడ్డంగా విద్యుత్తు ప్రయోగిస్తే, ఒక్కో ప్రొటీనూ ఒక్కో పాయగా విడిపోతుంది. కావలసిన పాయను పట్టుకోవడమే ఆ యంత్రం పని. ఇదే పని నేల మీద చేస్తే విద్యుత్తు వల్ల ద్రవం వేడెక్కుతుంది. వేడెక్కిన చోట పైకి లేస్తుంది. కష్టపడి విడదీసిన పాయలు మళ్లీ కలిసిపోతాయి. అందుకని కింద బాగా పలచటి ద్రావణంతో, కొంచెం కొంచెంగా చెయ్యాలి. కక్ష్యలో ఆ బెడద లేదు. నేల మీద కంటే వందల రెట్లు ఎక్కువ సరుకును పైన వేరు చేయగలమని కంపెనీ వాళ్లు చెప్పారు.

వాళ్లు కోరుకున్న సరుకు ఎరిత్రోపోయిటిన్. మన కిడ్నీలు తయారుచేసే హార్మోను ఇది. ఎర్ర రక్తకణాలు తయారు చెయ్యమని ఎముకల్లోని మజ్జకు కబురు పెడుతుంది. కిడ్నీలు పాడైతే ఆ కబురు ఆగిపోతుంది, రక్తం తగ్గిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లివచ్చే కుటుంబాలకు ఈ ఇంజెక్షను సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇందులో ప్రభుత్వం చేసిన సాయం ఏమిటంటే, నాసా ఆ కంపెనీతో 1980లోనే ఒక ఒప్పందం చేసుకుంది. యంత్రం ఖర్చు కంపెనీది. పైకి తీసుకెళ్లి తిరిగి తెచ్చే ఖర్చు నాసాది. చేతులు మారిన డబ్బు లేదు. షటిల్ ఒక్కసారి ఎగరాలంటే కోట్ల డాలర్లు కావాలి కాబట్టి, కాగితం మీద కనిపించకపోయినా అది చాలా పెద్ద సబ్సిడీ.

వాకర్ మొత్తం మూడుసార్లు వెళ్లొచ్చాడు. ఈలోగా కింద వేరే కథ నడిచింది. కాలిఫోర్నియాలో అప్పటికి చిన్నదిగా ఉన్న ఆమ్జెన్ అనే కంపెనీ ఆ హార్మోను తాలూకు జన్యువును పట్టుకుంది. దాన్ని జంతుకణాల్లో ప్రవేశపెట్టి, ఆ కణాల చేతే హార్మోనును తయారు చేయించింది. అంతా నేల మీదే. 1985లో మెక్‌డానెల్ డగ్లస్‌కు భాగస్వామిగా ఉన్న మందుల కంపెనీ తప్పుకుంది. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ ముక్కలై ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు, షటిళ్లు రెండున్నరేళ్లకు పైగా ఎగరలేదు. 1989లో అమెరికాలో ఎరిత్రోపోయిటిన్ మందుకు అనుమతి వచ్చింది. వచ్చింది ఆమ్జెన్ మందుకే.

ఇదంతా వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అంతరిక్షంలో సరుకులు తయారుచేసి భూమికి దింపుతామనే మాట ఇప్పుడు మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. అమెరికా, బ్రిటన్, ఐరోపా ప్రభుత్వాలు డబ్బు పెడుతున్నాయి. మన దేశంలోనూ అంతరిక్ష స్టార్టప్‌ల కోసం నిధులు కేటాయించారు. ఆ సొమ్ము ప్రజలది. అది ఎక్కడ పెడితే వృథా పోదో, ఎక్కడ పెడితే వృథా పోయే అవకాశం ఎక్కువో ఇప్పటికి నలభై ఏళ్లకు పైగా అనుభవం ఉంది. ఆ అనుభవం నాకు నేర్పింది ఇది: ఏ ఒక్క సరుకునూ నమ్ముకుని సర్కారు డబ్బు పెట్టకూడదు. కక్ష్యలో తయారీకి కావలసిన కొలిమికి పెట్టాలి. కిందికి తెచ్చే దారికి పెట్టాలి. వచ్చిన ఫలితాన్ని అందరికీ చెప్పించడానికి పెట్టాలి.

అసలు పైకి వెళ్లి తయారుచెయ్యడం దేనికి? అక్కడ భూమి ఆకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ కూడా నేల మీద ఉన్న ఆకర్షణలో దాదాపు 90 శాతం ఉంది. కానీ ఆ కేంద్రం, లోపలి మనుషులు, వాళ్ల చేతుల్లో పరికరాలు అన్నీ కలిసి ఎడతెగకుండా భూమి చుట్టూ పడిపోతూనే ఉంటాయి. కలిసి పడేవాటి మధ్య బరువు తెలియదు. బరువు తెలియని చోట ద్రవాల తీరే మారిపోతుంది. పొయ్యి మీద టీ గిన్నె చూడండి. అడుగున వేడెక్కిన నీళ్లు పైకి వస్తాయి, పైనున్న చల్లటివి కిందికి దిగుతాయి, పొడి సుడులు తిరుగుతుంది. మంట ఆపేస్తే పొడి అడుగుకు చేరుతుంది. కక్ష్యలో వేడినీళ్లు పైకి రావు, పొడి అడుగుకు దిగదు. అసలు పైన, కింద అనేవే ఉండవు.

టీకి దీనితో పనిలేదు కానీ, స్ఫటికానికి ఉంది. ద్రావణంలో స్ఫటికం పెరిగేటప్పుడు అణువులు ఒక్కొక్కటిగా వచ్చి తమ స్థానంలో కూర్చోవాలి. చుట్టూ ద్రవం కదులుతుంటే ఆ కూర్చోవడంలో తేడాలు వస్తాయి. అలాగే బరువులో బాగా తేడా ఉన్న రెండు లోహాల్ని కరిగించి కలిపితే, చల్లారేలోగా బరువైనది అడుగుకు దిగుతుంది. కక్ష్యలో అవి కలిసే గడ్డకడతాయి. పాత్ర గోడ తగలకుండా గాల్లో తేలుతుండగానే లోహాన్ని కరిగించవచ్చు కూడా. కాబట్టి ఆశకు శాస్త్రం దన్ను ఉంది. డబ్బు దన్ను గురించే వాదన.

ఎరిత్రోపోయిటిన్ ప్రయత్నం నడుస్తున్న రోజుల్లోనే, అంత హడావుడి లేకుండా ఇంకో సరుకు షటిల్లో తయారైంది. దాని గురించి మన దగ్గర పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. లీహై విశ్వవిద్యాలయంలో జాన్ వాండర్‌హాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త పాలిస్టైరీన్ పూసలు తయారుచేసే రియాక్టరును 1982 నుంచి షటిల్లో పంపించాడు. ఒక్కో పూస వెడల్పు పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. నేల మీద పూస పెరిగేకొద్దీ తేలడమో మునగడమో జరుగుతుంది. జరక్కుండా కలియబెడితే ఒకదానికొకటి అంటుకుని గడ్డలవుతాయి. కక్ష్యలో అవి ద్రవమంతటా సమంగా నిలిచి, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతకు పెరిగాయి.

ఆ పూసలతో ఏం చేస్తారు? కొలుస్తారు. రక్తకణాల్ని లెక్కించే యంత్రం సరిగ్గా చూపిస్తోందా, మైక్రోస్కోపు కొలత సరైనదేనా, సన్నటి పొడుల్లో రేణువులు అనుకున్న సైజులోనే ఉన్నాయా అని సరిచూసుకోవడానికి ఖచ్చితమైన కొలత తెలిసిన వస్తువు ఒకటి కావాలి. 1985లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఆ పూసల్ని చిన్న సీసాల్లో నింపి, కొలత ధ్రువీకరించి, అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై భూమి మీద అమ్ముడైన మొదటి సరుకు అదే. తయారుచేసినది ప్రభుత్వ సొమ్ముతో, ధ్రువీకరించినది ప్రభుత్వ సంస్థ, వాడుకున్నది ఎవరైనా సరే. కోట్లు కురిపించిన సరుకేమీ కాదది. ప్రయోగశాలలకు మాత్రం అక్కరకొచ్చింది.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. 2005లో అమెరికా చట్టసభ అంతరిక్ష కేంద్రంలోని తమ భాగాన్ని జాతీయ ప్రయోగశాలగా ప్రకటించింది. దాన్ని నడిపే బాధ్యతను 2011లో ఒక లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించి, ఏటా కోటిన్నర డాలర్లు ఇస్తూ వచ్చారు. ఇది పైకి కనిపించే డబ్బు. కనిపించనిది ఇంకా ఎక్కువ. పరిశోధకుల సామాను పైకి మోసేది, కిందికి దింపేది, పైన వ్యోమగాముల సమయాన్ని కేటాయించేది నాసాయే. వ్యాపార అవసరాలకు నాసా ఎంత వసూలు చేస్తుందో 2021లో సవరించిన ధరల పట్టిక చూస్తే ఆ సాయం విలువ అర్థమవుతుంది. పైకి పంపే ఒక్కో కిలోకు 20 వేల డాలర్లు. కిందికి తెచ్చే కిలోకు 40 వేల డాలర్లు. వ్యోమగామి ఒక గంట పనిచేస్తే లక్షా 30 వేల డాలర్లు, అంటే మన డబ్బులో కోటి రూపాయల పైమాట.

ఈ పట్టికలో ఒక్క అంకె దగ్గర ఆగమని శ్రోతల్ని కోరుతున్నాను. పంపడం కంటే దింపడం రెట్టింపు ఖరీదు. రాకెట్టు పైకి లేస్తుంటే మనమందరం టీవీల ముందు చేరి చూస్తాం. అంతరిక్ష తయారీకి అసలు ఇరుకు వచ్చేది తిరుగు ప్రయాణంలో. పైకి వెళ్లే వాహనాల్లో చాలావరకు తిరిగివచ్చేటప్పుడు వాతావరణంలో కాలిపోతాయి. సామానును భద్రంగా కిందికి తెచ్చేవి ఏ కొన్నో. తయారైన వస్తువు దిగకపోతే తయారుచేసి లాభమేముంది?

నాసాలో అంతరిక్ష ఉత్పత్తి కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం ఉంది. దాని కింద డబ్బు అందుకుంటున్న పనుల్లో రెండు చెప్తాను. కనెక్టికట్‌లో లాంబ్డావిజన్ అనే చిన్న కంపెనీ కృత్రిమ రెటీనా తయారుచేస్తోంది. వెలుతురుకు స్పందించే ఒక ప్రొటీనును పలుచటి పొర మీద పొరగా రెండు వందల పొరలు పేర్చాలి. నేల మీద ద్రావణంలో ముంచి తీస్తుంటే పొరలు ఎగుడుదిగుడుగా వస్తాయి. కక్ష్యలో సమంగా పేరుకుంటున్నాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బుతో చూపు పోగొట్టుకున్నవాళ్లకు ఇది పనికొస్తుందేమోనన్నది ఆశ. మనుషుల మీద వాడే దశకు ఇంకా రాలేదు.

రెండోది జెడ్‌బ్లాన్ అనే గాజు తీగ. 1970లలో ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో కనిపెట్టిన ఫ్లోరైడు గాజు ఇది. ఇప్పుడు ఇంటర్నెట్ కేబుళ్లలో వాడే సిలికా తీగ కంటే చాలా తక్కువ నష్టంతో వెలుతురును మోయగల గుణం దీనికి ఉందని లెక్కలు చెబుతున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, నేల మీద తీగ లాగేటప్పుడు లోపల చిన్న చిన్న స్ఫటికాలు పుట్టి వెలుతురును చెదరగొడతాయి. కక్ష్యలో అవి బాగా తగ్గుతాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫ్లాలెస్ ఫొటోనిక్స్ అనే కంపెనీ అంతరిక్ష కేంద్రంలో ఐదు కిలోమీటర్లకు పైగా ఈ తీగ లాగింది. ఒక్క లాగుడులోనే కిలోమీటరు దాటిన తీగ కూడా ఉంది. అంతకుముందు అక్కడ తయారైనవి మీటర్ల లెక్కలో ఉండేవి. ఒక ముక్క చేసి చూపడం వేరు, చుట్టలు చుట్టలుగా తియ్యడం వేరు. ఆ తేడా దాటడానికి ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. ప్రైవేటు పెట్టుబడిదారుడికి అంత ఓపిక ఉండదు. సర్కారు ఉండాల్సింది ఇక్కడే.

మందుల విషయంలో కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది, మనకు మరీ దగ్గరగానూ ఉంటుంది. పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ మందు ఉంది. మెర్క్ కంపెనీది. ఎక్కువగా సెలైన్ లాగా నరంలోకి ఎక్కించేవారు. దానికి ఆసుపత్రి, మంచం, సమయం కావాలి. మందును సన్నటి స్ఫటికాలుగా చేసి ద్రవంలో కలిపితే చర్మం కిందికి చిన్న ఇంజెక్షనుగా ఇవ్వొచ్చా అని ఆ కంపెనీ శాస్త్రవేత్తలు ఆలోచించారు. 2017లో అంతరిక్ష కేంద్రానికి ఆ మందు ద్రావణాన్ని పంపారు. 2019లో ఫలితాలు ప్రచురించారు. కింద చేసిన నమూనాలో రెండు రకాల స్ఫటికాలు వచ్చాయి, కొన్ని 13 మైక్రాన్లు, కొన్ని 102 మైక్రాన్లు. పైన చేసినదాంట్లో అన్నీ 39 మైక్రాన్ల చుట్టూనే. ఒకే సైజు. సూదిలోంచి సాఫీగా వెళ్లాలన్నా, ఒంట్లో ఒకే వేగంతో కరగాలన్నా అలాంటివే కావాలి.

ఆ తర్వాత జరిగినది చూడండి. క్యాన్సర్ మందును టన్నులకొద్దీ కక్ష్యలో తయారుచేద్దామని వాళ్లు బయల్దేరలేదు. అడుగుకు దిగకుండా, ఉష్ణోగ్రత తేడాలు రాకుండా చూస్తే స్ఫటికాలు ఒకే సైజులో వస్తాయని పైనుంచి నేర్చుకున్నారు. అదే పరిస్థితిని నేల మీద తిరిగే పాత్రల్లో తెచ్చేందుకు ప్రయత్నించారు. పైనుంచి కిందికి దిగినది సరుకు కాదు, కిటుకు. కిటుకుకు బరువు లేదు, కిలోకు 40 వేల డాలర్లు కట్టి దింపనక్కర్లేదు.

నాకు ఇక్కడే ఒక బాధ కూడా ఉంది. ఆ ప్రయోగం జరిగింది ప్రజల సొమ్ముతో కట్టిన కేంద్రంలో. ఆ మందు ధర మన దేశంలో డోసుకు లక్షల్లో ఉంటుంది. ఎంతమంది తెలుగువాళ్లు పొలం అమ్మి, అప్పులు చేసి, మధ్యలో వైద్యం మానేశారో క్యాన్సర్ వార్డుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. ప్రభుత్వ నిధులతో పుట్టిన పేటెంట్లు పరిశోధన చేసినవారే ఉంచుకోవచ్చని 1980లో అమెరికాలో బే-డోల్ చట్టం వచ్చింది. అవసరమైతే ఆ పేటెంటును ఇతరులకూ ఇప్పించే హక్కు ప్రభుత్వానికి ఆ చట్టంలోనే ఉంది. మందుల ధర తగ్గించడానికి ఆ హక్కును ఇంతవరకూ ఒక్కసారీ వాడలేదు. మన దేశం ఈ రంగంలో కొత్తగా డబ్బు పెట్టబోతోంది కాబట్టి, ఆ షరతును ఒప్పందం రాసేనాడే గట్టిగా రాసుకోవాలని నా అభిప్రాయం. ప్రజల సొమ్ముతో కక్ష్యలో నేర్చుకున్న కిటుకు మందు ధరలో కనిపించాలి.

ఇప్పుడు వార్డా అనే కంపెనీ. కాలిఫోర్నియాలో ఉంది. అంతరిక్ష కేంద్రంతో పనిలేకుండా, మనిషి లేకుండా, ఒక చిన్న క్యాప్సూల్లోనే మందు తయారుచేసి కిందికి దింపడం వాళ్ల దారి. 2023 జూన్ 12న వాళ్ల మొదటి క్యాప్సూల్ వెళ్లింది. అందులో పెట్టినది రిటోనవిర్, హెచ్‌ఐవి మందు. ఆ మందునే ఎందుకు ఎంచుకున్నారో హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. 1996లో రిటోనవిర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని స్ఫటికం ఒకే రకమని అనుకున్నారు. 1998లో ఫ్యాక్టరీలో హఠాత్తుగా ఇంకో రకం స్ఫటికం పుట్టింది. అణువు అదే, పేర్పు వేరు. ఈ కొత్త రకం సరిగ్గా కరగదు. ఒకసారి పుట్టాక దాని గింజలు ఎక్కడపడితే అక్కడ అంటుకుని పాత రకాన్ని రానివ్వలేదు. క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మందు మీద బతుకుతున్న రోగులు చేదుగా ఉండే ద్రవరూపానికి మారాల్సి వచ్చింది.

రియాక్టరులో బ్యాచ్ ఎక్కించి, చల్లార్చి, సీడింగ్ చేసి, కావలసిన రకం స్ఫటికం వచ్చిందా లేదా అని ఎక్స్‌రే రిపోర్టు కోసం ఎదురుచూసే కెమిస్టుకు ఆ భయం రోజూ ఉంటుంది. రకం మారితే బ్యాచ్ మొత్తం పోయినట్టే. వార్డా తన క్యాప్సూల్లో రిటోనవిర్ మూడో రకం స్ఫటికాన్ని తయారుచేసింది. పైన పని ఒక రోజుకు కాస్త ఎక్కువ సమయంలో అయిపోయింది. తిరిగి రావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. యంత్రం చెడిపోయి కాదు. దింపడానికి అనుమతి రాలేదు. ఒక ప్రైవేటు క్యాప్సూల్ కక్ష్య నుంచి అమెరికా నేల మీదికి రావడానికి విమానయాన శాఖ లైసెన్సు, దిగే మైదానం యజమాని అయిన సైన్యం ఒప్పుదల రెండూ కావాలి. 2023లో దరఖాస్తు తిరస్కరించారు. చివరికి 2024 ఫిబ్రవరిలో లైసెన్సు ఇచ్చారు. ఫిబ్రవరి 21న యూటా ఎడారిలో అది పారాచూట్‌తో దిగింది. రెండో క్యాప్సూల్ 2025 ఫిబ్రవరిలో దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనిబ్బాలో దిగింది.

సర్కారు ఇవ్వాల్సినది చెక్కు ఒక్కటే కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. చట్టం కూడా ఇవ్వాలి, దిగడానికి నేల కూడా చూపించాలి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. వార్డాకు ప్రభుత్వం నుంచి అందుతున్న డబ్బులో మందుల కోసం వచ్చేది కొంతే. ధ్వనికి పాతిక రెట్ల వేగంతో వాతావరణంలోకి దూసుకొచ్చే క్యాప్సూల్ అంటే వైమానిక దళానికి ఆసక్తి. ఆ వేగంలో ఏ పదార్థం ఎలా తట్టుకుంటుందో పరీక్షించుకోవడానికి వాళ్లు పరికరాలు ఎక్కిస్తున్నారు. రోగుల పేరు చెప్పి వచ్చిన డబ్బు ఎంతో, ఆయుధ పరీక్షల కోసం వచ్చినది ఎంతో లెక్క విడిగా ఉండాలి.

బ్రిటన్‌లో కార్డిఫ్ నగరం నుంచి స్పేస్ ఫోర్జ్ అనే కంపెనీ సెమీకండక్టర్ పదార్థాల కోసం ఇదే బాట పట్టింది. వాళ్ల మొదటి ఉపగ్రహం 2023 జనవరిలో రాకెట్టు విఫలమై పోయింది. 2025 జూన్‌లో రెండోది కక్ష్యలోకి చేరింది. బ్రిటన్ అంతరిక్ష సంస్థ, ఐరోపా సంస్థ రెండూ వాళ్లకు దన్నుగా ఉన్నాయి. రాకెట్టు పోయినప్పుడు చెయ్యి వదలకపోవడం కూడా ప్రభుత్వం చేసే సాయంలో భాగమే.

మరి మనం? మన దగ్గర ఈ పని ఎప్పుడో మొదలైంది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ-7 లేచింది. అందులో కార్టోశాట్-2 ఉపగ్రహంతో పాటు 550 కిలోల క్యాప్సూల్ ఒకటి ఉంది. పేరు ఎస్‌ఆర్‌ఈ-1. పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగింది. లోపల రెండు ప్రయోగాలు. ఒకటి కొలిమి. బెంగళూరు ఐఐఎస్‌సీ, తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం కలిసి క్వాజీక్రిస్టల్ అనే వింత లోహనిర్మాణాన్ని పెంచి చూశాయి. రెండోది జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలది. మన ఎముకల్లో, పళ్లలో ఉండే హైడ్రాక్సీ ఎపటైట్ అనే పదార్థాన్ని అతి సూక్ష్మ స్ఫటికాలుగా తయారుచేసే ప్రయత్నం అది.

జనవరి 22 ఉదయం ఆ క్యాప్సూల్ సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి వచ్చింది. ఒంటికి అంటించిన సిలికా పలకలు మంటను తట్టుకున్నాయి. పారాచూట్లు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకున్నాయి. 9 గంటల 46 నిమిషాలకు సెకనుకు 12 మీటర్ల వేగంతో బంగాళాఖాతంలో దిగింది, శ్రీహరికోటకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో. కోస్ట్‌గార్డ్ సాయంతో దాన్ని తీరానికి తెచ్చారు. మొదటి ప్రయత్నంలోనే అంత చక్కగా దింపిన దేశాలు ఎక్కువ లేవు.

ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఈ-2 కట్టాలనుకున్నారు. అది ఎగరనే లేదు. 2014 డిసెంబరులో మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ దిశగా ఒక మాడ్యూల్‌ను పంపి సముద్రంలో దింపారు కానీ, అది కక్ష్య దాకా వెళ్లినది కాదు. పీఎస్‌ఎల్‌వీ చివరి దశను కక్ష్యలో కొన్నాళ్లు ప్రయోగవేదికగా వాడుకునే పద్ధతి ఒకటి వచ్చింది, పోయెమ్ అంటారు. మంచి పద్ధతి. 2024 డిసెంబరు 30న వెళ్లిన వేదిక మీద అలసంద గింజలు మొలకెత్తాయి. కానీ ఆ వేదిక కిందికి తిరిగి రాదు. 2025లో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనవాళ్ల ఏడు ప్రయోగాలు చేశారు. మొలకలు, సూక్ష్మ శైవలాలు, కండర కణాలు. అన్నీ అవసరమైనవే. వాటిలో కొలిమి పని ఒక్కటీ లేదు.

డబ్బు లేక కాదు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మన దేశం కక్ష్యలో కట్టబోయే భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్‌ను కూడా కలిపి గగన్‌యాన్ కార్యక్రమం మొత్తాన్ని 20,193 కోట్లకు పెంచింది. అదే ఏడాది అక్టోబరులో అంతరిక్ష స్టార్టప్‌ల కోసం వెయ్యి కోట్ల వెంచర్ నిధిని ఆమోదించింది. 2025 జూలైలో పరిశోధన, ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల పథకం వచ్చింది.

బడికి గోడ లేని ఊళ్లున్న దేశంలో ఇదంతా దేనికని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే, దానికి తగిన జవాబు చెప్పాలి. ఆ జవాబు డబ్బు ఎలా పెడతామన్నదాని మీద ఉంటుంది. వెంచర్ నిధి స్వభావమే ఏదో ఒక కంపెనీని ఎంచుకుని, అది పెరిగితే లాభం తీసుకోవడం. కంపెనీ చెప్పిన సరుకు ఎరిత్రోపోయిటిన్ దారి పట్టిందంటే డబ్బు పోతుంది, ఎవరికీ ఏమీ మిగలదు. అదే డబ్బులో కొంత పెట్టి ఎస్‌ఆర్‌ఈ లాంటి మానవరహిత క్యాప్సూల్‌ను ఏటా ఒకటి పంపి దింపితే, ఏ ఒక్క సరుకు ఓడినా దారి మిగిలి ఉంటుంది. అందులో కొలిమి అరలను, స్ఫటికాల అరలను విశ్వవిద్యాలయాలకు ఉచితంగా, కంపెనీలకు అద్దెకు ఇవ్వొచ్చు. కంపెనీ తన ఫలితాన్ని రెండేళ్లో మూడేళ్లో దాచుకున్నా, ఆ తర్వాత ప్రచురించి తీరాలి. ఫలించని ప్రయోగం కూడా ప్రచురించాలి. ఏది పనిచెయ్యదో తెలిస్తే ఇంకొకరు అదే చోట డబ్బు పారబోసుకోరు.

హైదరాబాద్, విశాఖ మందుల పరిశ్రమకు ఇందులో ప్రత్యేకమైన స్థానం ఉంది. స్ఫటికాల విషయంలో ఎంతో చేతి అనుభవం జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్లాంట్లలో పోగుపడి ఉంది. ఇస్రోకు కక్ష్య తెలుసు, దింపడం తెలుసు. ఏ మందులో ఏ స్ఫటికం ఏడిపిస్తోందో తెలిసినది ఆ ప్లాంట్లలోని కెమిస్టులకు. ఈ రెండు వర్గాలూ ఒక బల్ల దగ్గర కూర్చుని, మొదటి క్యాప్సూల్లో ఏ మూడు నాలుగు మందులు పెట్టాలో తేల్చుకోవాలి. ఆ కూర్చోబెట్టడం ప్రభుత్వమే చెయ్యగలదు, ఖర్చూ తక్కువ.

భారతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2035కల్లా పూర్తి చెయ్యాలన్నది లక్ష్యం. మొదటి మాడ్యూల్ 2028లో వెళ్లాలని అనుకుంటున్నారు. లోపల ఏ గోడకు ఏ అర రావాలో, కరెంటు ఎంత ఇవ్వాలో, వేడిని ఎటు పంపాలో ముందే తేల్చుకోవాల్సిన విషయాలు. కొలిమికి కరెంటు ఎక్కువ కావాలి, వేడి బయటికి పోయే దారి కావాలి. తర్వాత పెట్టుకుందామంటే స్టేషన్లో చోటు దొరకదు. తయారైనదాన్ని మనుషుల క్యాప్సూల్లో సీటు పక్కన సర్దుకుని తెస్తామంటే కొద్ది కిలోలకు మించి రాదు. సామాను కోసం వేరే క్యాప్సూల్ ఉండాలి, దాన్ని బంగాళాఖాతంలో ఎక్కడ, ఎవరి అనుమతితో దింపాలో ఇప్పుడే రాసిపెట్టాలి. ఆ పద్దు బడ్జెట్ కాగితాల్లో విడిగా, పేరు పెట్టి కనిపించాలని మన పార్లమెంటు సభ్యుల్ని అడగండి. శ్రీహరికోట ఉన్న తిరుపతి నియోజకవర్గం వాళ్లు ముందుగా అడగొచ్చు.